మిక్కిలి పోషించిరి

మా సంగీత కళాశాలలో సంగీతం వల్ల చదువు దెబ్బతింటోందని కనిపెట్టిన ఘనత మా ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్ చక్రధరరావుగారిది. ఆయన చేపల పెంపకం వైపు నుంచి డిప్యుటేషన్ మీద మాకు దక్కారు. వచ్చిన వారానికి ఒకనాడు వరండాలో నిలబడ్డారు. ఒక గదిలోంచి గాత్రం, పక్కగదిలోంచి వీణ, ఆ పక్కగదిలోంచి నా మృదంగం. ఆయన చెవులు మూసుకుని, "ఈ రభసలో పిల్లలు చదువుకునేది ఎప్పుడండీ?" అని అడిగారు. ఆ ప్రశ్న మాకు అంతవరకూ తట్టనేలేదు మరి.

నా పేరు బొంతలకోటి ధర్మారావు. పదిహేడేళ్ళుగా ఆ కళాశాలలో కాంట్రాక్టు మీద మృదంగం చెబుతున్నాను. ఏటా మార్చి ముప్పై ఒకటిన నన్ను తీసేసి, ఏప్రిల్ రెండున మళ్ళీ తీసుకుంటారు. మధ్యలో ఆ ఒక్కరోజూ నేనెవరినో ప్రభుత్వానికి తెలియదు. చదువు ఏడో తరగతి. ఆ తరవాత నేను కంఠస్థం చేసినవన్నీ 'తక'తో మొదలై 'తోం'తో ముగుస్తాయి. వాటికి అర్థం లేదు కాబట్టి మరిచిపోవడానికీ ఏమీ లేదు.

ప్రిన్సిపాలుగారి ప్రశ్నకు పదిరోజుల్లో ఆయనే జవాబు తయారుచేసి నోటీసు బోర్డుకు అంటించారు.

"విషయం: బోధనా సిబ్బంది - సంగీత చరిత్ర - పరిజ్ఞానము లేమి - గురించి. తెలియజేయునదేమనగా, తనిఖీ బృందము వారు కళాశాలను సందర్శించిన మీదట, సిబ్బంది సంగీతము వచ్చినవారై యున్నారే తప్ప సంగీతమును గూర్చి ఎరిగినవారు కారని గుర్తించడమైనది. కావున సిబ్బంది యావన్మందియు ఈ సంవత్సరాంతమున విద్యార్థులతోపాటు సంగీత చరిత్ర ఆఖరి పరీక్షకు కూర్చుండవలెను. ఉత్తీర్ణులు కానివారి సేవలు తదుపరి అవసరము లేనివిగా భావించబడును. పరీక్ష సన్నాహము నిమిత్తము ఇరువదియొక్క దినములు వాద్యములన్నియు స్టోరుగదియందు భద్రపరచబడును. కళాశాల ఆవరణలో పాడుట, మీటుట, వాయించుట, కూనిరాగము తీయుట నిషేధము."

ఆ సాయంత్రం అటెండరు నా మృదంగానికి నంబరు చీటీ కట్టి, వీణల పక్కన పడుకోబెట్టి, తలుపుకు లక్క సీలు వేశాడు. ఇంటికి వెళ్ళి సంగతి చెబితే మా ఆవిడ పైడితల్లి చేట పక్కన పెట్టి, "అయితే ఏటంటారు? మీరు పరీక్ష తప్పితే ఉజ్జోగం పోద్దా?" అంది. పోతుందన్నాను. "మరింక పోయినట్టే," అని మళ్ళీ బియ్యం చెరుక్కుంది.

పరీక్షకు పుస్తకం ఒకటే, 'సంగీత చరిత్ర ప్రశ్నోత్తర దర్పణం'. అందులో నలభై రెండు జవాబులు. పేపర్లు దిద్దేవారి దగ్గర 'కీ' ఉంటుంది, అది ఆ పుస్తకమే. మాటకు మాట సరిపోవాలి. సొంత మాటలు రాసినచో అభ్యర్థిదే బాధ్యత అని అట్టమీదే అచ్చేశారు. మొదటి జవాబు మొదటి వాక్యం ఇది: 'సంస్థానాధీశులు సంగీతమును మిక్కిలి పోషించిరి.' ఈ వాక్యాన్ని నేను నాలుగురోజులు చదివాను. రాత్రికి వచ్చేది, పొద్దున్నకు పోయేది.

మా గాత్రం మేడమ్ అంపోలు వరాలమ్మగారిది కూడా నా తంటాయే. ఆవిడా కాంట్రాక్టే, ఆవిడ ఇల్లు నడిచేదీ ఆ జీతం మీదే. నేను చేరిన ఏడే ఆవిడా చేరారు. కళాశాలలో గానీ, ఊళ్ళో కచేరీల్లో గానీ, ఆవిడ పాడితే పక్కన మృదంగం నాది. అయిదోనాడు స్టాఫ్‌రూములో కనబడి, "మేష్టారూ, పుస్తకంలో మీకేటి వొచ్చిందండీ?" అని అడిగారు.

"మొదటి వాక్యం వచ్చిందండి. నిన్న ఉంది. ఇవాళ లేదు."

"నాకు అదీ నేదు," అన్నారావిడ. "ఇంటికాడ సెప్పినవీ కలిపి ముప్పయ్యేళ్ళు పాఠాలు సెప్పిందాన్ని. ఈ వొయసులో పిల్లల బల్లమీద కూకుని తప్పితే, మొకం ఎక్కడెట్టుకోనండీ?"

ఇంటికొచ్చి, మృదంగం లేదు కాబట్టి నీళ్ళ బిందెను ఒళ్ళో పెట్టుకుని, దిగులు తీరా కాసేపు వాయించాను. వాయిస్తూ, ఎదురుగా తెరిచి ఉన్న పుస్తకం చదివాను. సంస్థానాధీశులు సంగీతమును మిక్కిలి పోషించిరి. సరిగ్గా ఆది తాళంలో, ఎనిమిది దెబ్బల్లో, ఒక ఆవర్తనంలో కూర్చుంది. కొలత తీసి కుట్టినట్టుంది. రెండోసారి చదివాను. మూడోసారి పుస్తకం మూసేసి చదివాను. వచ్చేసింది! "బిందె సొట్టపడితే మీ సంస్థానాదీసులు కొనిపెట్టరు," అని వంటింట్లోంచి పైడితల్లి అంటున్నా వినకుండా సైకిలెక్కి వరాలమ్మగారింటికి పరుగెత్తాను.

ఆవిడ విని, కాసేపు కళ్ళు మూసుకుని, "కల్యాణిలో బాగుంటాదండి," అన్నారు.

అలా మొదలైంది. నాకు వచ్చిన తెలివైన ఆలోచనలు జీవితంలో రెండే. మొదటిది సైకిలు తాళం మొలతాడుకు కట్టుకోవడం. రెండోది ఇది. మొదటిదే మంచిదని తరవాత తేలింది.

పన్నెండు రోజుల్లో నలభై రెండు జవాబులూ కీర్తనలైపోయాయి. సంస్థానాల పోషణ కల్యాణిలో, వేణువు పుట్టుక మోహనలో, తంబురాకు తీగలు నాలుగే ఎందుకన్నది తోడిలో. ప్రతి జవాబుకూ మొదటి వాక్యం పల్లవి. పాట తెలిసినవాళ్ళు పల్లవిని ఒక్కసారి పాడి వదలరు కదా. ఒకే మాటను ప్రతిసారీ కొంచెం కొత్తగా తిప్పి పాడతారు. అలా తిప్పిన ఒక్కో తీరునూ సంగతి అంటారు. వరాలమ్మగారు 'మిక్కిలి' అన్న మాట దగ్గర ఎనిమిది సంగతులు వేశారు. పాడేవాళ్ళు సంగతులు పాడతారు, నాలాటివాడు వెనకనుండి నడక చూసుకుంటాడు. నేను ఖాళీ బిస్కెట్ డబ్బా ముందు పెట్టుకుని ఆ పనే చేశాను.

కబురు దాగలేదు. ఆఖరి సంవత్సరం పిల్ల పొట్నూరు హైమ మొదట వచ్చింది. "మేష్టారూ, నాకూ ఎక్కట్లేదండి ఆ పుస్తకం," అని గుమ్మంలో నిలబడితే, రమ్మన్నాను. మర్నాడు పదిమందిని తెచ్చింది. వారం తిరిగేసరికి మొత్తం యాభై ఎనిమిది మంది పిల్లలూ, వీణ, వయొలిన్ మేష్టార్లూ వరాలమ్మగారి పెరట్లోనే. కళాశాలలో చీమ చిటుక్కుమనకుండా సన్నాహం జరుగుతున్నందుకు ప్రిన్సిపాలుగారు సంతోషించి పైవాళ్ళకు నివేదిక పంపారు. "నీరు నిశ్చలముగా నున్నది," అని రాశారట. చేపల అలవాటు.

పరీక్షనాడు హాల్లో అరవై ఇద్దరం కూర్చున్నాం. ప్రశ్నపత్రం ఇచ్చారు. పావుగంట గడిచినా ఎవరి కలమూ కదల్లేదు. ఇన్విజిలేటరు కంగారుపడి, కళ్ళు మూసుకుని ఊగుతున్న హైమ దగ్గరకు వెళ్ళి, "అమ్మాయ్, నిద్రపోతున్నావా?" అని కుదిపింది.

"నేదండి. ఆలాపనలో ఉన్నానండి."

తప్పు నాదే. ఆలాపన తీసేద్దామని నేను ముందే అన్నాను. "ఆలాపన నేకుండా కల్యాణి ఎత్తుకోడానికి ఇది తద్దినవేటండీ?" అని వరాలమ్మగారు కసిరితే నోరు మూసుకున్నాను.

అసలు చిక్కు ఆ తరవాత వచ్చింది. పాటను మధ్యలో ఎత్తుకోవడం మా వాళ్ళెవరికీ రాదు. మూడో ప్రశ్నకు సమాధానం పుస్తకంలో ఒక జవాబు ఆఖరి పేరాలో ఉంది. అది కావాలంటే పల్లవి నుంచి పాడుకుంటూ రావాలి. తాళం వెయ్యకపోతే పాట నడవదు. కుడిచేత్తో వేద్దామంటే అందులో కలం ఉంది. అందుకని అరవై రెండు ఎడమచేతులు అరవై రెండు తొడల మీద ఒక్కసారిగా దెబ్బవేసి వేళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టాయి. సరిగ్గా అప్పుడే ఫ్లయింగ్ స్క్వాడు దిగింది.

స్క్వాడు పెద్ద జోగినాథంగారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన చీటీలు చూశారు, చొక్కా అంచుల మీది రాతలు చూశారు, ఇది మాత్రం చూడలేదు.

"ఇది సంకేత భాష! ఏమయ్యా, చిటికెనవేలికి అర్థమేమిటి?" అని నన్ను గద్దించారు.

"రెండో లెక్కండి."

"ఎన్నో ప్రశ్నకి?"

"అన్నిటికీనండి."

ఆయన హాలు మధ్యన నిలబడి ఉత్తర్వు ఇచ్చారు. "అభ్యర్థులు తమ ఎడమ హస్తములను బల్లమీద బోర్లించి, కదలిక లేకుండా ఉంచవలెను!" ఉంచాం. తాళం కాళ్ళలోకి దిగింది. "పాదములు కూడా!" తలల్లోకి ఎక్కింది. "శిరస్సులు నిలకడగా ఉంచవలెను!" ఇంక దారిలేక అరవై ఇద్దరమూ కళ్ళు ఆర్పుతూ ఆది తాళం వేశాం. జోగినాథంగారు చాలాసేపు మా కళ్ళకేసి చూశారు. రెప్పలను నిషేధించే నిబంధన కోసం జేబులోని పుస్తకమంతా తిరగేశారు గానీ దొరకలేదు. "అభ్యర్థిని ఒకతె ఆలాపనయందున్నట్లు వాంగ్మూలమిచ్చినది," అని ఇన్విజిలేటరు చెప్పింది రాసుకుని వెళ్ళిపోయారు.

ఒక్క విషయం నాకు వింతగా తోచింది. అందరూ అదనపు కాగితాలు అడుగుతున్నారు. హైమ అయిదుసార్లు లేచింది. నాకు మొదట ఇచ్చిన కాగితాల్లోనే ఇంకా చోటుంది. బయటకొచ్చాక వరాలమ్మగారు మణికట్టు నొక్కుకుంటూ, "సెయ్యి పడిపోనాదండి మేష్టారూ, ఆ మిక్కిలిలు రాసీసరికి," అన్నారు.

"మిక్కిలిలా?"

"ఎనిమిది కదండీ. మనసులో పాడతంటే పాడినట్టల్లా సెయ్యి రాసీసింది. మీరు రాయలేదేటి?"

నేను రాయలేదు. నేను పల్లవి ఒక్కసారి రాసి, మిగతా ఏడు ఆవర్తనాలూ కలం పక్కన పెట్టి కళ్ళతో వాయించుకున్నాను. పక్కవాయిద్యం వాణ్ణి కదా. సంగతులు నావి కావు. హైమను అడిగాను. హైమా ఎనిమిదే రాసింది. అందరూ ఎనిమిదే రాశారు. సంస్థానాధీశులు సంగీతమును మిక్కిలి మిక్కిలి మిక్కిలి మిక్కిలి మిక్కిలి మిక్కిలి మిక్కిలి మిక్కిలి పోషించిరి. వేణువూ తంబురా కూడా ఇదే పద్ధతిలో పుట్టాయట.

ఆ రోజు నాకు అన్నం సయించలేదు. 'కీ'లో ఒక్కటే ఉంది. అరవై ఒక్కమందీ తప్పుతారు, పైగా మాస్ కాపీయింగ్ అంటారు. పిల్లలకు మూడేళ్ళు డిబారు, వరాలమ్మగారికి ఉద్యోగం హుళక్కి. అంతా నా బిందె తెలివి వల్లే. అలా కుమిలిపోతూనే, అబద్ధమెందుకు, నా ఒక్కడి పేపరే శుభ్రంగా ఉందని లోపల్లోపల కాస్త సంతోషించాను కూడా. పాపిష్టివాణ్ణి.

అనుకున్నట్టే విచారణ పెట్టారు. ప్రిన్సిపాలుగారి గదిలో బల్లకు ఒకవైపు ఆయన, పక్కన జోగినాథంగారు. సిబ్బంది తరఫున నన్ను పిలిచారు.

"అరవై రెండు పేపర్లలో అరవై ఒకటింటిలో మొదటి జవాబు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంది. సామూహిక దుర్వినియోగము సుస్పష్టము," అన్నారు జోగినాథంగారు.

నేను లేచి నిలబడి చేతులు జోడించాను. "తప్పు నాదండి. పుస్తకాన్ని తాళంలో పెట్టింది నేనే. పిల్లలు కాపీ కొట్టలేదు, పాడారు. ఏదన్నా చేస్తే నన్ను చెయ్యండి."

"కూర్చోండి," అన్నారు ప్రిన్సిపాలుగారు. నా మాట ఎవరూ రాసుకోలేదు. జోగినాథంగారు కలం తీశారు గానీ నివేదిక మీద పెట్టలేదు.

"మాస్ కాపీయింగ్ అని రాస్తే, ఆ సమయంలో హాల్లో ఉన్న అధికారి ఎవరని పైనుంచి అడుగుతారు," అన్నారు ఆలోచిస్తూ.

"ఎవరున్నారు?"

"నేనే ఉన్నాను. కళాశాలకు బాధ్యులెవరని కూడా అడుగుతారు."

ప్రిన్సిపాలుగారు మంచినీళ్ళు తాగారు. గ్లాసు పక్కన పెట్టి ముందుకు వంగారు. "జోగినాథంగారూ, చెరువులో అరవై ఒక్క చేపలు ఒకవైపు ఈదుతున్నాయి. ఒక్కటి మాత్రం ఎదురు ఈదుతోంది. జబ్బు దేనికంటారు?"

"ఎదురు ఈదేదానికే!" అన్నారు జోగినాథంగారు, మొహం విప్పారి.

"అరవై ఒక్కమంది తప్పు రాయడం గణితరీత్యా అసంభవం. కాబట్టి తప్పు 'కీ'లో ఉంది."

నాకు ఒక్క క్షణం ఊపిరి తేలికైంది. వరాలమ్మగారూ పిల్లలూ గట్టెక్కారు. ఆ వెంటనే అరవై రెండో చేప ఎవరో గుర్తొచ్చింది. చంకలోని దర్పణం తీసి, "పుస్తకంలో ఒక్కసారే ఉందండి, చూడండి," అన్నాను.

"ఆ పుస్తకం ఎప్పటిది?" అన్నారు ప్రిన్సిపాలుగారు.

"పోయినేడాదిదండి."

"సవరించిన 'కీ' ఇవాళ్టిది. ఏది తాజా?"

చేపల విషయంలో అది మంచి ప్రశ్నే. ఉత్తర్వు వారంలో వచ్చింది. "ముద్రణాలోపము వలన 'కీ' యందు ఏడు 'మిక్కిలి'లు జారిపోయినట్లు నిర్ధారణ అయినది. జారిపోయినవాటిని యథాస్థానమున ప్రవేశపెట్టి మూల్యాంకనము జరుపబడినది." ఉత్తీర్ణులు అరవై ఒక్కరు. హైమకు తొంభై ఏడు, వరాలమ్మగారికి తొంభై రెండు. నాకు ముప్పై ఒకటి, పాసుకు ముప్పై అయిదు కావాలి. సంస్థానాధీశుల పోషణను ఎనిమిదో వంతుకు తగ్గించి చూపినందుకు సంజాయిషీ ఇవ్వమని నాకు వేరే మెమో. పదిహేను రోజుల్లో సప్లిమెంటరీ, అదే ఆఖరి అవకాశం.

"బోల్డుమందికి వొడ్డించి మీరు పస్తున్నారన్నమాట," అంది పైడితల్లి. ఆ తరవాత ఎప్పుడూ అడగనిది, "కోడిగుడ్డు కూరొండనా?" అని అడిగింది. దాంతో నాకు నిజంగా భయమేసింది.

మర్నాడు మధ్యాహ్నం వరాలమ్మగారింటికి వెళ్ళాను. ఎనిమిది సంగతులూ ఒక్కొక్కటే చెప్పమన్నాను. ఆవిడ నావైపు వింతగా చూశారు.

"మీకు రావేటండీ?"

"రావండి."

"పదిహేడేళ్ళు నా పక్కన వోయించారు. నా సంగతులు మీకు రావా?"

"పక్కనే కూర్చున్నానండి."

"కూకున్నారు. విన్నారేటని అడుగుతున్నాను."

ఆవిడ ఏ కచేరీలో ఏ పాటకు అరదెబ్బ ముందు దిగారో నేను ఇప్పటికీ తేదీలతో సహా చెప్పగలను. రైల్వే కాలనీలో రెండుసార్లు, మునిసిపల్ హాల్లో ఒకసారి. ఆవిడ ఏం పాడారో మాత్రం చెప్పలేను. నేను లెక్క చూసుకుంటున్నాను. సంగీతం చెవిన పడని ప్రిన్సిపాలని ఇన్నాళ్ళూ చక్రధరరావుగారిని చూసి నవ్వుకున్నాను. ఆయన నయం. చెవులు మూసుకున్నట్టు నలుగురికీ కనబడేలా మూసుకున్నారు. నాకు సిగ్గేసింది. అంత సిగ్గు ముప్పై ఒకటి మార్కులకు కూడా వెయ్యలేదు.

"డబ్బా ఇయ్యండి," అని ఆవిడ నా ముందున్న బిస్కెట్ డబ్బా తీసి అవతల పెట్టారు. "సేతులు ఒళ్ళో ఎట్టుకోండి. కదపకండి."

పాడారు. మొదటి సంగతి తిన్నగా ఉంది. రెండోది చివర కొంచెం ఎత్తారు. మూడు, నాలుగు కల్యాణిలో పైకి వెళ్ళాయి. అయిదోదాంట్లో ఆవిడ పైకి వెళ్తారనుకుంటే వెళ్ళలేదు. 'మిక్కిలి' అన్న మాటను దగ్గరకు తీసుకుని, కిందికి దింపి, దాదాపు వినపడనంత నెమ్మదిగా అక్కడే ఉంచేశారు. చేపల పోషణ గురించో రొయ్యల పోషణ గురించో అన్నట్టుండే ఆ పనికిమాలిన వాక్యంలో అంత చోటు ఉందని నాకు తెలియదు. నా కళ్ళు తడిశాయి. చూసుకుంటే తాళం లేదు. ఎన్నో దెబ్బలో ఉన్నానో తెలియదు. వాయించడం నేర్చాక ఒక్కనాడూ అలా జరగలేదు.

ఆవిడ ఆపి, "ఏటి మేష్టారూ, లెక్క వొదిలీసేరు?" అన్నారు.

"వింటున్నానండి."

ఆవిడ చీరకొంగుతో మొహం తుడుచుకుని ఆరోది ఎత్తుకున్నారు.

సప్లిమెంటరీకి ఆ హాల్లో నేనొక్కణ్ణే. నాకు కాపలాగా ముగ్గురు, గుమ్మంలో జోగినాథంగారు. మొదటి ప్రశ్న మళ్ళీ సంస్థానాలే. రాశాను. తొందరపడకుండా పాడుకుంటూ, పాడింది పాడినట్టు రాశాను; సగం పేపరు కాకుండానే గంట కొట్టేశారు.

ముప్పై అయిదు వచ్చాయి, సరిగ్గా గట్టున. ఉద్యోగం నిలిచింది. పైడితల్లి మార్కుల కాగితం దేవుడి పటం ముందు పెట్టింది. వరాలమ్మగారు మాత్రం మొదటి జవాబు దగ్గర అరమార్కు కోత చూసి, "ఇన్నాళ్ళు సెప్పించుకుని ఏడు మిక్కిలిలే రాశారేటండీ?" అని కోప్పడ్డారు. ఆ తప్పిపోయింది ఏదో నాకు తెలుసు. అయిదోది. దాని దగ్గరకొచ్చేసరికి కలం కింద పెట్టేసి వింటూ ఉండిపోయాను.